ఆడిటోరియం తాళం ఎవరి దగ్గరుంది? వైస్ ఛాన్సలర్ గారికి ఓ బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైస్ ఛాన్సలర్ గారికి, స్టూడెంట్ అఫైర్స్ డీన్ గారికి, కల్చరల్ కమిటీలోని మాస్టార్లకి, మేడమ్‌లకి,

నమస్కారం. నేను మన యూనివర్సిటీలో ఎం.ఎస్సీ. బోటనీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పోయిన ఏడాది యూనివర్సిటీల మధ్య జరిగే యువజనోత్సవానికి మైమ్ (మాట లేకుండా అభినయంతోనే చేసే ప్రదర్శన) టీంలో ఉన్నాను. ఉన్నాను అంటే ప్రాక్టీసు దాకా ఉన్నాను, స్టేజీ మొహం చూడలేదు. ఎందుకు చూడలేదో మీకు చెప్పాలని ఏడాదిగా అనుకుంటున్నాను. ఈ ఏడాది కూడా అదే కథ మొదలయ్యేలా ఉంది కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

ముందు ఆ నోటీసు సంగతి. యువజనోత్సవానికి పేర్లు ఇమ్మన్న కాగితం మీద సంతకం తేదీ 3. పేర్లు ఇవ్వడానికి ఆఖరి తేదీ 10. మా బ్లాకు కింద అద్దాల బోర్డులో దాన్ని పెట్టింది 11న, మధ్యాహ్నం ల్యాబ్ అయ్యాక. అటెండరు అన్న గుండుసూదులు గుచ్చుతుంటే నేను పక్కనే ఉన్నాను. ఫోటో తీసి పెట్టుకున్నాను, ఇప్పటికీ ఫోన్లో ఉంది. రిఫరెన్సు నంబరు ఉంది, ముద్ర చక్కగా పడింది, కాపీ ఎవరెవరికి పంపారో కింద వరసగా రాసి ఉంది. ఆఫీసు లెక్కలో ఆ నోటీసు మాకు అందినట్టే.

నిజానికి మేం నోటీసు కోసం ఆగలేదు. ఏటా వస్తుందని సీనియర్లు చెబితే నెలన్నర ముందే మొదలుపెట్టాం. మైమ్‌కి ఇచ్చేది ఐదే నిమిషాలు, ఆరుగురికి మించకూడదు. మాట ఉండదు కాబట్టి తేలిక అనుకుంటారు చూసేవాళ్లు. గాలిలో లేని తలుపుని ఆరుగురం ఒకే ఎత్తులో తోయాలి. ఒక్కరి చెయ్యి బెత్తెడు కిందికి దిగినా ఆ తలుపు ఇంక ఎవరికీ కనబడదు. ఆ ఒక్క తలుపు కుదరడానికి మాకు తొమ్మిది సాయంత్రాలు పట్టింది. 11 సాయంత్రం ఆఫీసుకి పరుగెత్తితే అక్కడి గుమాస్తా గారు కుర్చీలోంచి తల ఎత్తి, చాలా మర్యాదగానే చెప్పారు, "టీం లిస్టు పంపేశామమ్మా." సెలక్షన్లు ఎప్పుడు జరిగాయని అడిగాం. "అయిపోయాయమ్మా" అన్నారు. మేం అడిగింది ఎప్పుడని. దానికి జవాబు ఇప్పటికీ రాలేదు.

ఈ ఉత్తరం జూనియర్లు కూడా చదువుతారు కాబట్టి వాళ్ల కోసం నాలుగు ముక్కలు. 1925లో మొదలైన భారత విశ్వవిద్యాలయాల సంఘం, అందరూ ఏఐయూ అంటారు, ఏటా ఈ ఉత్సవాలు నడుపుతుంది. ముందు జోన్ స్థాయి, అక్కడ గెలిచినవాళ్లకి జాతీయ స్థాయి. సంగీతం, నృత్యం, సాహిత్యం, నాటకం, లలితకళలు అని ఐదు విభాగాలు. నాటకంలోనే ఏకాంకిక, స్కిట్, మైమ్, మిమిక్రీ వేరు వేరు పోటీలు. ఏకాంకికకి ముప్పై నిమిషాలు, స్కిట్‌కి పది. క్విజ్, వక్తృత్వం, డిబేట్ ఉన్నాయి. మట్టితో బొమ్మ చేసేవాళ్లకీ, కార్టూన్ గీసేవాళ్లకీ, ముగ్గు వేసేవాళ్లకీ కూడా చోటుంది. మా హాస్టల్లో పక్క గది అమ్మాయి వినాయకచవితికి మట్టితో చేసిన ఎలక చూస్తే నిజంగా పరిగెడుతుందేమో అనిపించింది. క్లే మోడలింగ్ అనే పోటీ ఉందని ఆమెకి నేను చెప్పేదాకా తెలియదు. ఆమె డిగ్రీ మూడేళ్లూ మన యూనివర్సిటీ అనుబంధ కాలేజీలోనే చదివింది.

ఆ కాలేజీల సంగతి ఎవరూ ఎత్తరు. యూనివర్సిటీ టీం అంటే అనుబంధ డిగ్రీ కాలేజీల పిల్లలు కూడా అందులో రావాలి. వాళ్లు కట్టే ఫీజులోనూ కల్చరల్ అనే ఒక గడి ఉంటుంది. సర్క్యులర్ ప్రిన్సిపాల్ గారి బల్ల మీదికి వెళ్తుంది, అక్కడి నుంచి ఫైల్లోకి వెళ్తుంది. నేను డిగ్రీ చదివిన మూడేళ్లలో యువజనోత్సవం అనే మాట ఒక్కసారి కూడా వినలేదు. మా ఊరి కోలాటం జట్టులో నాతో ఆడినవాళ్లు ముగ్గురు అదే కాలేజీలో ఉండేవాళ్లు. జానపద నృత్యం విభాగానికి అంతకంటే ఏం కావాలి? క్యాంపస్‌లో ఉన్నవాళ్లలోంచే, అందులోనూ కమిటీ మాస్టార్లకి మొహం తెలిసినవాళ్లలోంచే ఏరితే అదే పదిమంది ఏటా వెళ్తారు. వాళ్లని తప్పు పట్టను, బాగా పాడతారు కూడా. వాళ్లని ఓడించే అవకాశం మాకు ఇవ్వమంటున్నాను, అంతే.

సరే, ప్రాక్టీసు ఎక్కడ చేశామో చెబుతాను. మనకి వెయ్యి కుర్చీల ఆడిటోరియం ఉంది. తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. వాచ్‌మన్‌ని అడిగితే సూపరింటెండెంట్ గారి చీటీ కావాలంటారు. సూపరింటెండెంట్ గారు హెచ్ఓడీ (శాఖాధిపతి) సంతకం కావాలంటారు. మా హెచ్ఓడీ గారు కాగితం చదివి, కళ్లజోడు తీసి, "బోటనీకీ దీనికీ ఏం సంబంధం అమ్మా?" అన్నారు. మంచి మనిషి, మా మీద కోపం లేదు, నిజంగానే అర్థం కాక అడిగారు. 2020 జాతీయ విద్యా విధానంలో కళలకీ సైన్సుకీ మధ్య, పాఠాలకీ పాఠాల బయటి కార్యక్రమాలకీ మధ్య గట్టి గోడలు ఉండకూడదని రాసి ఉందని అప్పుడు నాకు గుర్తు రాలేదు. గుర్తొచ్చినా చెప్పే ధైర్యం ఉండేది కాదనుకోండి.

చివరికి సైకిల్ స్టాండ్‌లో చేశాం. పైన రేకులు, కింద గతుకుల సిమెంటు. చీకటి పడ్డాక ఒక అబ్బాయి తన బండి హెడ్‌లైట్ వేసి పెట్టేవాడు. బ్యాటరీ అయిపోతుందని మధ్యమధ్యలో ఇంజన్ స్టార్ట్ చేసేవాడు. ఆ చప్పుడులో లెక్క తప్పేవాళ్లం. ఆ వెలుగులో మా నీడలు ఎదురు గోడ మీద పెద్దగా పడేవి. ఒకరోజు మా టీంలో చిన్నవాడు ఆ నీడల్ని చూసి, మనకంటే అవే బాగా చేస్తున్నాయి అన్నాడు. అది అతిశయోక్తి అనుకోను.

1926లో పెట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తెలుగులో ఆంధ్ర విశ్వకళా పరిషత్ అని పేరు. పేరులోనే కళ ఉంది. అక్కడ రిజిస్ట్రార్‌గా పనిచేసిన కూర్మా వేణుగోపాలస్వామి గారికి నాటకమంటే ప్రాణం. కాలేజీల మధ్య నాటక పోటీలు పెట్టించారు, విశాఖలో ఆరుబయలు రంగస్థలం వెనక ఆయన పట్టుదల ఉంది. రిజిస్ట్రార్ అంటే ఫైళ్ల మీద సంతకాలు పెట్టే కుర్చీ అనే కదా మనం అనుకుంటాం. ఆ కుర్చీలో కూర్చునే ఆయన అదంతా చేశారు. మన దగ్గర అంత అడగడం లేదు. ఉన్న హాలు సాయంత్రం ఐదున్నర నుంచి తెరిచి ఉంచితే చాలు.

ఆ హాలు ఎప్పుడూ మూసే ఉంటుందని కూడా అనను. ముఖ్య అతిథి వచ్చినప్పుడు తెరుస్తారు. కిందటి ఏడాది ఫౌండేషన్ డే గుర్తుందా సార్? స్వాగత నృత్యానికి మా హాస్టల్ అమ్మాయిలు ఎనిమిదిమంది పొద్దున్న తొమ్మిదికే మేకప్ వేసుకుని కూర్చున్నారు. కార్యక్రమం పదకొండుకి. అతిథి గారు వచ్చింది ఒంటిగంట దాటాక. శాలువాలు కప్పడానికి, వాటిని విప్పి మడిచి పక్కన పెట్టడానికి, మళ్లీ ఇంకొకరు కప్పడానికి అరగంట పైనే పట్టింది. పిల్లల నృత్యం ఆరు నిమిషాలు. రెండో చరణం మొదలవుతుండగా స్టేజీ పక్క నుంచి ఎవరో చెయ్యి ఊపితే సౌండ్ అబ్బాయి పాట ఆపేశాడు. పాట ఆగిపోయాక కూడా చివర ఉన్న అమ్మాయి రెండు అడుగులు వేసింది, మిగతావాళ్లని చూసి ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది, ఆ ఫోటోలో శాలువాలే ఉన్నాయి.

ఇంకోటి, కాలేజీలకీ యూనివర్సిటీలకీ గ్రేడు ఇచ్చే నాక్ సంస్థ బృందం వచ్చినప్పుడు. అప్పటి నాక్ మదింపులో ఐదో అంశం విద్యార్థులకి ఇచ్చే అండ, వాళ్ల పురోగతి గురించి. అందులో సాంస్కృతిక కార్యక్రమాల లెక్క, వాటిలో వచ్చిన బహుమతుల లెక్క అడిగేవారు. మంచిదే. ఆ లెక్క కోసం ఒకే రోజున మూడు 'కార్యక్రమాలు' జరిగాయి మన సెమినార్ హాల్లో. వెనక బ్యానర్ మార్చారు, కూర్చున్నవాళ్లం మాత్రం మేమే. మూడో దానికి నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి, చున్నీ మార్చుకోమన్నారు. ఫోన్లో జియో ట్యాగ్ ఆన్ చేసి మూడు ఫోటోలు తీశారు. మూడింట్లోనూ అక్షాంశం, రేఖాంశం కరెక్టుగా వచ్చాయి. ఇది రాస్తే మీకు కోపం వస్తుందని తెలుసు. కానీ ఆ రోజు ఆ మూడు గంటలూ మాకు ఒక వర్క్‌షాప్ పెట్టి ఉంటే ఫోటో కూడా వచ్చేది, మాకు ఏదో ఒకటి వచ్చేది.

అమ్మాయిల హాస్టల్ గేటు గురించి కూడా చెప్పాలి. ఎనిమిదింటికి గేటు వేస్తారు. ల్యాబ్ అయ్యేసరికి ఐదున్నర. అబ్బాయిలు డిపార్ట్‌మెంట్ నుంచి, ఊళ్లోంచి వచ్చేసరికి ఆరు దాటుతుంది. గంటన్నర కూడా మిగలదు. అబ్బాయిల హాస్టల్‌కి అలాంటి టైమ్ ఏదీ లేదు. నాటకం టీముల్లో అమ్మాయిలు ఎందుకు తక్కువ, ఆడవేషాలు కూడా అబ్బాయిలే ఎందుకు వేస్తున్నారని పోయినసారి కమిటీ మీటింగులో ఒక మాస్టారు ఆశ్చర్యపోయారట. జవాబు గేటు దగ్గర రిజిస్టరులో ఉంది సార్. అమ్మాయిల భద్రత పేరు చెప్పి హాస్టళ్లలో అబ్బాయిలకి లేని ఆంక్షలు వాళ్ల మీద పెట్టకూడదని యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2015 నిబంధనల్లోనే ఉంది. మాకు భయం లేదని కాదు. స్టాండు నుంచి హాస్టల్ దాకా మధ్యలో నాలుగు వీధి దీపాలు వెలగవు. గేటు తొందరగా వేయడం కంటే ఆ దీపాలు వేయించడం తేలిక కదా? రిహార్సల్ ఉన్న రోజుల్లో తొమ్మిదిన్నర దాకా పర్మిషన్, తిరిగి వచ్చేటప్పుడు ఒక సెక్యూరిటీ మేడమ్ తోడు. మా వార్డెన్ మేడమ్ ఒప్పుకుంటారనే నా నమ్మకం. పైనుంచి కాగితం రావాలంటున్నారు, అంతే.

ఇక అటెండెన్సు. పోటీకి వెళ్లి వచ్చినవాళ్లకి ఆన్ డ్యూటీ (వెళ్లిన రోజులకి కూడా హాజరు) వేస్తామని నోటీసులో రాస్తారు. డిపార్ట్‌మెంట్‌కి వచ్చేసరికి ఆ కాగితం ఎవరికీ అందలేదంటారు. రెండేళ్ల కిందట జోనల్స్‌కి వెళ్లి లైట్ వోకల్ (లలిత గీతాలు) పోటీలో మెడల్ తెచ్చిన సీనియర్ అక్కకి ఆ సెమిస్టరులో 75 శాతం రాలేదు. మెడల్ తెచ్చినందుకు స్టేజీ మీద పూలగుత్తి ఇచ్చారు, అదే నెలలో హాజరు తక్కువైందని కండోనేషన్ ఫీజు కట్టించుకున్నారు. ఆమె నవ్వుతూనే చెబుతుంది ఈ విషయం. వినే జూనియర్లు మాత్రం నవ్వరు, పేరు ఇవ్వడం మానేస్తారు.

కల్చరల్స్ ఒక్కటే అయితే ఇంత పొడుగు ఉత్తరం రాసేదాన్ని కాదు. అన్ని అవకాశాలకీ ఇదే దారి పట్టింది. మూడు సైన్సు అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్ ఉంది. వేసవిలో రెండు నెలలు మంచి పరిశోధనశాలలో ఒక సైంటిస్టు దగ్గర పని చేయొచ్చు, డబ్బు కూడా ఇస్తారు. మొదటి సంవత్సరం ఎం.ఎస్సీ.లో వేసుకోవాలి. నాకు దాని గురించి తెలిసింది రెండో సంవత్సరంలో, అదీ వేరే యూనివర్సిటీలో చదివే స్నేహితురాలి వల్ల. మా డిపార్ట్‌మెంట్ మెయిల్‌కి ఏమైనా వచ్చిందేమోనని అడిగితే మాస్టారు వెతికి చూశారు. వచ్చింది. తెరవని మెయిల్స్‌లో ఉంది. ఆయనకి రోజుకి వచ్చే మెయిల్స్ చూస్తే ఆయన మీద జాలేసింది. ఒకరి ఇన్‌బాక్స్ మీద నలభైమంది భవిష్యత్తు ఆధారపడకూడదు కదా అని మాత్రం అనిపించింది.

ఆ ఫెలోషిప్‌కి ఒక చిన్న రైటప్, ఒక టీచర్ సిఫారసు కావాలి. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లం చాలామందిమి ఆ రైటప్ దగ్గరే ఆగిపోతాం. ఏం రాయాలో తెలుసు, ఎలా రాయాలో తెలియదు. ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్‌లో రీసెర్చ్ స్కాలర్లు ఉన్నారు. వారానికి ఒక సాయంత్రం ఇద్దరు కూర్చుని మా కాగితాలు చూసి దిద్దితే ఎంత బాగుంటుందో. నేను ఒకరిని అడిగాను కూడా. "ఎవరైనా అధికారికంగా చెబితే సంతోషంగా చేస్తాం" అన్నారు. ఈ 'ఎవరైనా' మీరే సార్.

ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) గురించి ఒక మంచి మాట చెప్పాలి, అన్నీ ఫిర్యాదులే అయితే నాకే బాగోలేదు. 1969 సెప్టెంబర్ 24న, గాంధీ గారి శతజయంతి ఏడాదిలో, 37 యూనివర్సిటీల్లో నలభై వేల మంది విద్యార్థులతో మొదలైన పథకం అది. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల స్పెషల్ క్యాంపు. నా డిగ్రీ కాలేజీలో ప్రోగ్రాం ఆఫీసర్ మేడమ్ ప్రతి క్లాసుకీ స్వయంగా వచ్చి, బోర్డు మీద తేదీ రాసి, పేర్లు తనే రాసుకునేవారు. అందుకే వెళ్లాను. ఊళ్లో ఏడు రోజులు ఉన్నాం. చివరి రాత్రి బడి ఆవరణలో మరుగుదొడ్ల మీద పది నిమిషాల స్కిట్ వేశాం. జీవితంలో మొదటిసారి నాలుగొందల మంది ముందు నిలబడ్డాను. నేను మైమ్‌లోకి రావడానికి అదే కారణం. ఆ మేడమ్ పెట్టిన ఖర్చు ఒక సుద్దముక్క.

కాబట్టి అడిగేవి ఇవి. బాహ్య సంస్థల నుంచి ఏ సర్క్యులర్ వచ్చినా, వచ్చిన రోజే యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఒకే పేజీలో పెట్టండి. ప్రతి క్లాసు ప్రతినిధికీ, ప్రతి అనుబంధ కాలేజీకీ అదే రోజు వాట్సాప్‌లో వెళ్లాలి. ఆఖరి తేదీకి కనీసం రెండు వారాల ముందు మా చేతికి రానిదాన్ని నోటీసు ఇచ్చినట్టు లెక్క వేయకండి. సెలక్షన్ల తేదీ, చోటు, జడ్జీల పేర్లు ముందే చెప్పండి. జడ్జీల్లో ఒక్కరైనా మన క్యాంపస్ బయటివాళ్లు ఉండాలి. ఆన్ డ్యూటీ కాగితం మేం బయల్దేరే ముందే డిపార్ట్‌మెంట్‌కి చేరాలి. హాలు, గేటు సంగతి పైన చెప్పాను. మన దగ్గర విద్యార్థి సంఘం ఎన్నికలు లేవు కాబట్టి కల్చరల్ కమిటీలో మా తరఫున మాట్లాడేవాళ్లే లేరు. కనీసం ఇద్దరిని, అందులో ఒకరు అమ్మాయి, ఒకరు అనుబంధ కాలేజీ నుంచి, కూర్చోబెట్టండి. టీ తాగి సంతకం పెట్టి వెళ్లడానికైతే వద్దు.

కల్చరల్ ఫీజు లెక్క ఒకటి ఉంది. ఏడాదికి ఎంత వసూలైంది, దేనికి ఎంత ఖర్చయింది, ఒక కాగితం మీద రాసి బోర్డులో పెట్టండి. ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు వేయమని ఒక సీనియర్ సలహా ఇచ్చాడు. మన ఇంట్లో విషయానికి దరఖాస్తు ఎందుకని నేనే వద్దన్నాను. ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను.

వీటిలో డబ్బుతో పని ఉన్నవి వీధి దీపాలు, సెక్యూరిటీ మేడమ్, బయటి జడ్జీ గారి ప్రయాణ ఖర్చు. మిగతావాటికి సంతకాలు చాలు. డబ్బు లేకుండా క్యాంపస్‌కి కళ ఎలా వస్తుందంటారేమో. 1977లో ఐఐటీ ఢిల్లీలో ప్రొఫెసర్ కిరణ్ సేఠ్ మొదలుపెట్టిన స్పిక్ మెకే అనే శాస్త్రీయ కళల సంస్థ ఇప్పటికీ పెద్ద పెద్ద విద్వాంసుల్ని కాలేజీల్లోకి తీసుకొస్తోంది. కచేరీకి టికెట్ ఉండదు. పనిలో చాలా భాగం వాలంటీర్లు, విద్యార్థులే చూసుకుంటారు. కళాకారుల్ని స్టేషన్ నుంచి తీసుకురావడం, జంపఖానాలు పరచడం, మైకు సర్దడం మాకూ వచ్చు. హాలు తెరవండి, ఊడ్చుకోవడం కూడా మేమే చేసుకుంటాం.

ఈ ఏడాది నేను ఆఖరు. మే తర్వాత ఇక్కడ ఉండను, టీంలో ఇంకో ఇద్దరం కూడా అంతే. మొన్న సోమవారం నుంచి కొత్త పిల్లలతో మళ్లీ ప్రాక్టీసు మొదలుపెట్టాం, సైకిల్ స్టాండ్‌లోనే. ఈసారి బండి హెడ్‌లైట్ బదులు చార్జింగ్ లైటు తెచ్చుకున్నాం. అదే తలుపు. మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతి ఇంకా దాన్ని బెత్తెడు కిందే తోస్తోంది. మీకు వీలున్న ఏ సాయంత్రమైనా ఆరు దాటాక అటు రండి. ఐదు నిమిషాలే పడుతుంది. కూర్చోవడానికి ఒక ప్లాస్టిక్ కుర్చీ సంపాదించి పెట్టాం.

ఇట్లు,
మీ విద్యార్థిని,
ఎం.ఎస్సీ. బోటనీ, రెండో సంవత్సరం

తా.క. ఈ ఉత్తరం కాపీ ఒకటి మా బ్లాకు బోర్డులో పెట్టమని అడిగితే, అద్దం తాళం ఉన్న అన్న గురువారం దాకా సెలవులో ఉన్నారని చెప్పారు. ప్రస్తుతానికి అద్దం బయట అతికించాను. గురువారం లోపలికి మార్పిస్తాను.